సోలార్ ప్లాంటుకు ఏ స్థలం మంచిది? మ్యాపులో ఎండ కంటే ముందు చూడాల్సినవి

"అల్లుడూ, మూడు స్థలాలు చూసి పెట్టినాం. దేంట్లో ఎండ ఎక్కువ పడుతుందో నీ కంప్యూటర్‌లో చూసి చెప్పు" అని మా మేనమామ ఫోన్ చేశాడు. ఊరు అనంతపురం జిల్లా. ఆయన, ఇంకో ఇద్దరు రైతులు కలిసి రైతులు తమ పొలాల్లో సోలార్ ప్లాంటు పెట్టుకునే కేంద్ర ప్రభుత్వ పథకం పీఎం కుసుమ్ కింద 2 మెగావాట్ల ప్లాంటు పెట్టాలనుకున్నారు. మ్యాపులు తయారు చేయడమే నా ఉద్యోగం. అందుకే నన్ను అడిగాడు.

"మామా, మూడింట్లోనూ ఎండ ఒకటే. అది వదిలేసి మిగతావి చూద్దాం" అన్నాను. ఆయనకు నచ్చలేదు. సోలార్ అంటే ఎండే కదా, ఎండ చూడొద్దంటాడేమిటి వీడు అనుకున్నాడు. ఆ తర్వాత మూడు వారాలు మేమిద్దరం చూసినవి, లెక్కలేసినవి, పొలాల్లో తిరిగి తెలుసుకున్నవి ఇక్కడ రాస్తున్నాను. ఊళ్ళో అర మెగావాటు నుంచి 2 మెగావాట్ల ప్లాంటు పెట్టాలనుకునే రైతులకు, వాళ్ళకు మ్యాపులు చేసిపెట్టే కుర్రాళ్ళకు ఇది ఉపయోగపడాలని నా కోరిక. పెద్ద పార్కుల సంగతి కూడా చివర్లో కొంత చెబుతాను.

మూడు స్థలాల వివరాలు ముందు చెబుతాను.

మొదటిది గుట్ట కింది మెట్ట. 9 ఎకరాలు, ఎర్ర నేల, అక్కడక్కడా బండ తేలి ఉంటుంది. గుట్టకు తూర్పు వైపు ఉంది. 33/11 కేవీ సబ్‌స్టేషన్‌కు 4.2 కిలోమీటర్లు.

రెండోది తారు రోడ్డు పక్కన బీడు. తొమ్మిదిన్నర ఎకరాలు. బోరు ఎండిపోయాక నాలుగేళ్ళుగా సాగు లేదు. సబ్‌స్టేషన్‌కు 1.1 కిలోమీటరు. కాస్త దూరంలో ఇటుక బట్టీ ఉంది.

మూడోది చెరువు పై భాగంలో చదును నేల. 10 ఎకరాలు, బిలియర్డ్స్ బల్లలా ఉంటుంది. సబ్‌స్టేషన్‌కు 2 కిలోమీటర్లు.

చూసిన వెంటనే ఎవరైనా మూడోదే అంటారు. ఊళ్ళో వాళ్ళు పిలిపించిన ఒక కన్సల్టెంట్ కూడా రంగుల మ్యాపు వేసి మూడోదానికే మొదటి మార్కు ఇచ్చాడు.

ఎండ లెక్క ఎందుకు తేడా చూపించదు

ఎండను కొలిచే మ్యాపుల్లో అందరికీ ఉచితంగా దొరికేవి రెండు. ఒకటి ప్రపంచ బ్యాంకు కోసం సోలార్‌జీఐఎస్ సంస్థ తయారు చేసిన గ్లోబల్ సోలార్ అట్లాస్. రెండోది నాసా పవర్. ఈ రెండింటికీ తేడా చాలా ఉంది. నాసా పవర్‌లో ఎండ లెక్క ఒక డిగ్రీ గళ్ళలో ఉంటుంది. అంటే ఒక్కో గడి సుమారు 110 కిలోమీటర్లు. ఒక జిల్లా మొత్తానికి ఒకటే అంకె వస్తుంది. రెండు ఊళ్ళను పోల్చడానికి అది పనికిరాదు. ఏడాదిలో ఏ నెలలో ఎండ ఎలా మారుతుందో, పాతికేళ్ళ సగటు ఎంతో చూసుకోవడానికి మాత్రం బాగుంటుంది.

గ్లోబల్ సోలార్ అట్లాస్‌లో గడి 250 మీటర్లు. ఇది మేలైనది, నేను ఎప్పుడూ దీంతోనే మొదలుపెడతాను. కానీ 250 మీటర్ల గడి అంటే 15 ఎకరాలకు పైనే. 8 ఎకరాల ప్లాంటు అందులో సగమే ఆక్రమిస్తుంది. పైగా ఉపగ్రహం నుంచి లెక్కగట్టిన ఎండ అంకెలో మామూలుగానే 4 నుంచి 8 శాతం అటూ ఇటూ ఉండొచ్చని దాన్ని తయారు చేసినవాళ్ళే చెబుతారు. అలాంటప్పుడు చదరపు మీటరుకు రోజుకు ఒక పొలంలో 5.58 యూనిట్లు, పక్క పొలంలో 5.61 అని చూపిస్తే ఆ తేడాకు అర్థం లేదు. కన్సల్టెంట్ రిపోర్టులో సరిగ్గా ఇలాంటి తేడా మీదే మార్కులు వేశారు.

రాయలసీమలో చదరపు మీటరుకు రోజుకు సగటున అయిదున్నర యూనిట్లకు అటూ ఇటూగా ఎండ శక్తి పడుతుంది. ఉత్తర తెలంగాణ, కోస్తాలో కొంచెం తగ్గినా అయిదు దరిదాపుల్లోనే ఉంటుంది. జిల్లాకూ జిల్లాకూ ఎంచుకునే పెద్ద కంపెనీకి ఈ తేడా లెక్కలోకి వస్తుంది. ఒకే మండలంలో మూడు పొలాల మధ్య ఎంచుకునే రైతుకు రాదు. పెద్ద ప్లాంట్లవాళ్ళయితే ఉపగ్రహ లెక్కతో ఆగకుండా నేల మీద పరికరం పెట్టి ఏడాది కొలుస్తారు. చెన్నైలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ విండ్ ఎనర్జీ 2011 నుంచి దేశమంతా ఇలాంటి కొలత కేంద్రాలు పెట్టింది. 2 మెగావాట్లకు అంత ఖర్చు అక్కర్లేదు.

ఎండ విషయంలో మ్యాపు చూసి పట్టుకోవాల్సింది ఇంకొకటి ఉంది, నీడ. మొదటి స్థలానికి పడమర గుట్ట ఉంది. మధ్యాహ్నం దాటాక సూర్యుడు గుట్ట వెనక్కి పోతే, మిగతా ఊరంతా వెలుగులో ఉన్నా ఈ పొలంలో నీడ పడుతుంది. అట్లాస్ అంకె ఒకటేలా కనిపించినా కరెంటు తగ్గుతుంది. ఉమ్మడి అనంతపురం జిల్లాలో రామగిరి లాంటి చోట గాలిమరల రెక్కల నీడ కూడా చూసుకోవాలి. తిరిగే నీడ ప్యానెల్ మీద పడితే ఆ వరుస మొత్తం ఉత్పత్తి ఎగుడుదిగుడు అవుతుంది.

వేడి గురించి కూడా ఒక మాట. ఎండ ఎక్కువైతే కరెంటు ఎక్కువ, కానీ వేడి ఎక్కువైతే తక్కువ. ప్యానెల్ సామర్థ్యాన్ని 25 డిగ్రీల దగ్గర కొలుస్తారు. ఆపైన ఒక్కో డిగ్రీకి 0.3 నుంచి 0.4 శాతం తగ్గుతుంది. మే నెలలో ప్యానెల్ 65 డిగ్రీలకు చేరితే 12 నుంచి 16 శాతం దాకా పోతుంది. మూడు పొలాల మధ్య ఇది కూడా ఒకటే కాబట్టి పక్కన పెట్టాం.

సబ్‌స్టేషన్ దూరం, దాని ఆరోగ్యం

నన్నడిగితే చిన్న ప్లాంటుకు ఇదే అన్నిటికంటే పెద్ద విషయం. కుసుమ్ పథకంలో ప్లాంటు సబ్‌స్టేషన్‌కు 5 కిలోమీటర్ల లోపు ఉండాలంటారు. చాలామంది దాన్ని గీత లోపలా బయటా అన్నట్టే చూస్తారు. "4.2 కదా, లోపలే ఉంది, సరిపోతుంది" అంటారు. కానీ లోపల కూడా ప్రతి కిలోమీటరుకూ ధర ఉంది.

లెక్క వేసి చూపిస్తాను. 2 మెగావాట్లను 11 కేవీ లైన్‌లో పంపితే తీగలో సుమారు 105 ఆంపియర్లు పారుతుంది. మన ఊళ్ళ లైన్లలో వాడే మామూలు ర్యాబిట్ తీగకు కిలోమీటరుకు అర ఓమ్ కంటే కొంచెం ఎక్కువ నిరోధం ఉంటుంది. మూడు తీగలూ కలిపితే నిండు ఎండలో కిలోమీటరుకు 18 కిలోవాట్లు వేడిగా పోతాయి. 4.2 కిలోమీటర్లకు 76 కిలోవాట్లు. 1.1 కిలోమీటరుకు 20. నిండు లోడు మీద ఈ తేడా 2.8 శాతం, ఏడాది మొత్తం మీద రెండు శాతం దాకా తేలుతుంది. మా దగ్గర 2 మెగావాట్లు ఏడాదికి 32, 33 లక్షల యూనిట్లు ఇస్తాయనుకుంటే, గుట్ట కింది స్థలం ఎంచుకుంటే ఏటా 60 వేల యూనిట్లు అదనంగా దారిలోనే ఆవిరవుతాయి. 25 ఏళ్ళు. ఇంకా స్తంభాలు, తీగల ఖర్చు, ఎవరి పొలాల్లోంచి లైను పోవాలో ఆ గొడవ వేరు. నాలుగు కిలోమీటర్ల లైనులో కనీసం నలభై మంది రైతుల గట్లు దాటాలి. మా ఊరి సంగతి నాకు తెలుసు. ఒక్కడు అడ్డం తిరిగితే ఆరు నెలలు పోతాయి.

అందుకే మ్యాపులో సబ్‌స్టేషన్ నుంచి గుండ్రంగా వలయాలు గీయకండి. కాకి ఎగిరే దూరం లైనుకు పనికిరాదు. రోడ్ల వెంట, బండిదారుల వెంట, ప్రభుత్వ భూమి మీదుగా లైను ఎలా పోగలదో ఆ దారిని గీసి కొలవండి. ఉచితంగా దొరికే మ్యాపుల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో రోడ్ల పొర వేసుకుంటే ఇది పది నిమిషాల పని. వలయంతో చూస్తే మూడో స్థలం 1.4 కిలోమీటర్లే. దారి వెంట కొలిస్తే 2.

దూరం తర్వాత సబ్‌స్టేషన్ ఆరోగ్యం. ఇది ఏ మ్యాపులోనూ కనిపించదు. అయినా నేను దీన్ని ఒక పొరగా చేర్చుకుంటాను. గ్రిడ్‌లో కరెంటు పోతే సోలార్ ఇన్వర్టర్లు కూడా వెంటనే ఆగిపోతాయి. లైను మీద పనిచేసే మనుషుల ప్రాణాలకు అది రక్ష, అలాగే ఉండాలి. కానీ మనకు నష్టమే. మిట్టమధ్యాహ్నం గంటసేపు కరెంటు పోతే 2 మెగావాట్ల ప్లాంటుకు 1,400 యూనిట్ల పైన పోతాయి. ఏడాదిలో 100 రోజులు ఇలా గంట చొప్పున పోతే లక్షన్నరకు దగ్గర. ఎండ మ్యాపులో రెండు మూడు శాతం తేడా కోసం కొట్టుకునేవాళ్ళు ఈ నాలుగున్నర శాతం సంగతి అడగనే అడగరు.

మామను తీసుకుని సబ్‌స్టేషన్‌కు వెళ్ళాం. అక్కడి లాగ్‌బుక్‌లో ఏ ఫీడర్ ఎన్నిసార్లు ట్రిప్ అయిందో రాసి ఉంటుంది. ఆపరేటర్ మంచివాడు, కూర్చోబెట్టి చూపించాడు. ట్రాన్స్‌ఫార్మర్ ఎంత సామర్థ్యమో, పగటిపూట వ్యవసాయ లోడు ఎంత ఉందో, ఇప్పటికే వేరే ప్లాంటుకు అనుమతి ఇచ్చారా అన్నది కూడా అక్కడే అడగండి. దగ్గర్లో సబ్‌స్టేషన్ ఉన్నా అందులో చోటు లేకపోతే అది మీకు లేనట్టే. రెండు సబ్‌స్టేషన్లకు మధ్యలో స్థలం ఉంటే, అర కిలోమీటరు ఎక్కువైనా ట్రిప్పులు తక్కువున్న దానికే నా ఓటు.

నీళ్ళు ఎక్కడ పారతాయి

మూడో స్థలం దగ్గరికి వద్దాం. అది అంత చదునుగా ఎందుకుంది? ఎవరూ ఈ ప్రశ్న వేయలేదు. రాయలసీమలో ఎర్ర నేలల మధ్య బల్లపరుపుగా, మెత్తటి ఒండ్రు మట్టితో పది ఎకరాలు కనబడిందంటే ఒకప్పుడు నీళ్ళు దాన్ని చదును చేసి ఉంటాయి. అది చెరువు మునక భూమి. చెరువు నిండితే నీళ్ళు అక్కడిదాకా వస్తాయి.

కన్సల్టెంట్ వాడినది ఒక ఏప్రిల్ నెల ఉపగ్రహ చిత్రం. ఏప్రిల్‌లో మా చెరువుల్లో నీళ్ళెక్కడివి? యూరోపియన్ కమిషన్‌కు చెందిన జేఆర్‌సీ వాళ్ళ గ్లోబల్ సర్ఫేస్ వాటర్ మ్యాపు ఒకటుంది, ఉచితం. 1984 నుంచి ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలన్నీ జల్లెడపట్టి, ఏ చుక్కలో ఎప్పుడైనా నీళ్ళు కనిపించాయా అన్నది 30 మీటర్ల గళ్ళలో చూపిస్తుంది. అది తెరిచి చూస్తే మా పది ఎకరాల్లో మూడో వంతు లేత రంగులో కనబడింది. అరుదుగానైనా నీళ్ళు నిలిచిన చోటు అన్నమాట. తర్వాత 2021 నవంబరు చివరి సెంటినెల్ ఉపగ్రహ చిత్రం తీశాను. ఆ నెల సీమలో పడిన వానలు, కడప జిల్లాలో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిపోవడం ఎవరూ మర్చిపోలేదు. మా చెరువు కూడా ఆ ఏడాది అలుగు పారింది. చిత్రంలో నీళ్ళు పొలం మధ్యకు వచ్చి ఉన్నాయి.

కరువు ఏళ్ళ చిత్రాలు చూసి స్థలం ఎంచుకోవడం మన దగ్గర జరిగే అతి పెద్ద పొరపాటు. వానాకాలం చిత్రం ఒకటి, అందులోనూ బాగా వానలు పడిన ఏడాదిది, తప్పకుండా చూడండి. చెరువు శిఖం, మునక, వాగు పోరంబోకు ఇవన్నీ చట్టం ప్రకారం కూడా ముట్టకూడనివే. కానీ చట్టం సంగతి తర్వాత. చెరువు నిండడం ఊరికి పండగ. ఆ పండగ వచ్చిన రోజు మన ప్లాంటు మునుగుతుందంటే ఆ స్థలం మనది కాదు.

ఇక్కడ మార్కుల పద్ధతి గురించి చెప్పాలి. కంప్యూటర్ మ్యాపుల పనిలో, అంటే జీఐఎస్‌లో, స్థలాల ఎంపికకు ఎక్కువమంది వాడేది థామస్ సాటీ రూపొందించిన ఏహెచ్‌పీ పద్ధతి. రెండేసి అంశాలను పక్కపక్కన పెట్టి ఏది ఎంత ముఖ్యమో 1 నుంచి 9 వరకు అంకె ఇస్తారు. వాటి నుంచి ఒక్కో అంశానికి బరువు తేలుతుంది. ఆ బరువులతో పొరలన్నీ కలిపి ఒక్కో గడికి మార్కు వేస్తారు. మనం ఇచ్చిన అంకెలు ఒకదానితో ఒకటి పొసగుతున్నాయా అన్నదానికి కూడా పరీక్ష ఉంది, ఆ నిష్పత్తి 0.1 దాటకూడదు. పద్ధతి మంచిదే. అయితే అందులో ఒక గుంట ఉంది. ఒక అంశంలో సున్నా వచ్చినా మిగతావాటిలో నిండు మార్కులొస్తే మొత్తం మీద స్థలం గట్టెక్కుతుంది. చెరువు మునక నేల సరిగ్గా అలాగే గట్టెక్కింది. చదునుకు నూరు, ఎండకు నూరు, రోడ్డుకు తొంభై, నీటికి సున్నా, మొత్తం 82. ఇలా కాకుండా ఉండాలంటే ముందే కోత వేయాలి. చెరువు, వంక, అడవి, ఇళ్ళు, దేవుడి మాన్యం, శ్మశానం, అయిదు డిగ్రీలు దాటిన వాలు, వీటన్నిటినీ మ్యాపులోంచి పూర్తిగా తీసేయండి. మిగిలిన నేలకే మార్కులు వేయండి.

బరువుల్లో నా లెక్క ఇది. సబ్‌స్టేషన్‌కు 35, భూమి రికార్డు, వాడకం కలిపి 25, వాలూ నీటి పారుదలా 20, దుమ్ము 8, రోడ్డు 7, ఎండ 5. ఒకే మండలంలో ఎంచుకునేవాళ్ళకు మాత్రమే ఈ బరువులు. కన్సల్టెంట్ ఎండకు 35 ఇచ్చాడు. బరువులు ఎవరివైనా, వాటిని పదేసి మార్కులు అటూ ఇటూ జరిపి మళ్ళీ లెక్కించండి. అప్పుడు కూడా మొదటి స్థానం మారకపోతే ఆ ఫలితాన్ని నమ్మొచ్చు.

వాలు, మ్యాపు పనిచేసేవాళ్ళు చేసే తప్పులు

గుట్ట కింది స్థలంలో వాలు సగటున ఆరు డిగ్రీలు. వినడానికి తక్కువే. 180 మీటర్ల పొలంలో ఆ చివరికీ ఈ చివరికీ 19 మీటర్ల ఎత్తు తేడా అది. ఆరంతస్తుల మేడ. అక్కడ స్టాండ్లు నిలబెట్టాలంటే నేల కోయాలి, లేదా పొడుగు కాళ్ళు వేయాలి. కోస్తే వానకు మట్టి కొట్టుకుపోతుంది. వాలు దక్షిణానికి ఉంటే కొంత లాభమే, వరుసల నీడ తగ్గుతుంది కాబట్టి దగ్గర దగ్గరగా వేసుకోవచ్చు. ఇది తూర్పుకు ఉంది, పడమర గుట్ట ఉంది. రెండు డిగ్రీల లోపు వాలున్న నేలలో ఏ దిక్కుకు వాలిందన్న మ్యాపును పట్టించుకోకండి, అక్కడ మ్యాపు చూపించే దిక్కు చాలావరకు కొలత తప్పే.

వాలు లెక్కకు రెండు ఉచిత ఎత్తుల మ్యాపులున్నాయి. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ షటిల్ నుంచి రాడార్‌తో తీసిన ఎస్ఆర్‌టీఎం ఒకటి, హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్ఆర్ఎస్‌సీ) వాళ్ళ భువన్ వెబ్‌సైటులో దొరికే కార్టోడెమ్ రెండోది. రెండూ 30 మీటర్ల గళ్ళే. నేను రెండూ వేసి పోల్చుకుంటాను, రెండూ ఒకే మాట చెబితే ధైర్యం. కానీ 8 ఎకరాల్లో 30 మీటర్ల గళ్ళు 36 మాత్రమే పడతాయి. కర్నూలు పార్కు లాంటి 5,900 ఎకరాల్లో అయితే 26 వేల పైన పడతాయి, అక్కడ ఈ మ్యాపు బ్రహ్మాండంగా పనిచేస్తుంది. మన చిన్న పొలానికి ఇది వద్దనుకున్నవాటిని ఏరేయడానికే. ఖాయం చేసుకునే ముందు టోటల్ స్టేషన్ అనే సర్వే పరికరంతోనో డ్రోన్‌తోనో సర్వే చేయించాల్సిందే.

కొత్తగా నేర్చుకునేవాళ్ళకు ఒక జాగ్రత్త. ఎత్తుల మ్యాపును అక్షాంశ రేఖాంశాల్లోనే ఉంచి వాలు లెక్కిస్తే ఊరంతా నిలువు కొండలా 80, 90 డిగ్రీలు వస్తుంది. ముందు మీటర్లలోకి మార్చాలి. దానికి వాడేది భూమిని జోన్లుగా విడగొట్టి మీటర్లలో కొలిచే యూటీఎం పద్ధతి. అందరూ తెలుగు రాష్ట్రాలంటే యూటీఎం 44వ జోన్ అని అలవాటుగా పెట్టేస్తారు. 78 డిగ్రీల రేఖాంశానికి పడమర ఉన్న అనంతపురం, హిందూపురం, ఆదోని, నారాయణపేట 43లోకి వస్తాయి. అటు చివర ఇచ్ఛాపురం 45. నేనూ మొదట్లో ఇక్కడ తప్పు చేసినవాణ్ణే.

కాగితం మీది భూమి

మీభూమిలోనో భూభారతిలోనో పేరు కనబడగానే సంతోషపడకండి. ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూమా, రికార్డులో యజమాని పేరు చోట చుక్కలున్న చుక్కల భూమా, రిజిస్ట్రేషన్ చేయకూడని 22ఏ నిషేధిత జాబితాలో ఉందా, ఈనామా, ఇవన్నీ చూడాలి. ఆంధ్రప్రదేశ్‌లో అసైన్డ్ భూముల బదిలీ మీద 1977 నుంచి చట్టం ఉంది. లీజుకు ఇవ్వాలన్నా అప్పు తీసుకోవాలన్నా బ్యాంకువాళ్ళు మొదట అడిగేది ఇదే. మొదటి స్థలంలో రెండెకరాలు అసైన్డ్ అని తర్వాత తేలింది.

మ్యాపు పనిలో దీనికి సంబంధించిన చిక్కు ఇంకొకటి. పొలాల హద్దులు కొలిచి గీసిన పాత సర్వే పటాలను (ఎఫ్ఎంబీలు, తెలంగాణలో టిప్పన్లు) స్కాన్ చేసి ఉపగ్రహ చిత్రం మీద పరిస్తే హద్దులు 10 నుంచి 30 మీటర్లు జరిగిపోవడం మామూలే. 180 మీటర్ల పొలంలో 20 మీటర్లు జరిగితే తొమ్మిదో వంతు పక్కవాళ్ళది అవుతుంది. కంచె వేసే ముందు సర్వేయర్‌ను పిలిచి, పక్క రైతులను నిలబెట్టి రాళ్ళు పాతించుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో రీసర్వే పూర్తయిన ఊళ్ళలో కొత్త పటాలు ఉంటే వాటినే వాడండి.

భూమి వాడకం మ్యాపుల్లో "బంజరు", "పొదల నేల" అని రాసి ఉన్నదాన్ని గురించి నాకు మనసులో బాధ ఉంది. ఎన్ఆర్ఎస్‌సీ వేస్ట్‌ల్యాండ్ అట్లాస్ గొప్ప పని. దేశంలో సోలార్‌కు ఎంత అవకాశం ఉందని లెక్కగట్టినప్పుడు కూడా బంజరు భూమిలో 3 శాతం వాడితే అన్న అంచనాతోనే ఆంధ్రప్రదేశ్‌కు 38.44 గిగావాట్లు, తెలంగాణకు 20.41 గిగావాట్లు అని తేల్చారు. కానీ ఉపగ్రహానికి పంట కనబడుతుంది, గొర్రె కనబడదు. మా జిల్లాలో పొదల నేల అంటే గొర్రెల మేత. ఎన్నో కుటుంబాలు దాని మీదే బతుకుతున్నాయి. నంద్యాల జిల్లా రోళ్ళపాడు గడ్డి మైదానం కూడా ఉపగ్రహం కంటికి బీడే. అది బట్టమేక పక్షి కోసం అభయారణ్యంగా ప్రకటించిన నేల. ఒక నేల బంజరని మ్యాపు చెబితే, అక్కడికి ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి వెళ్ళి నిలబడి చూడండి. ఎవరొస్తున్నారు, ఏం తోలుకొస్తున్నారు అన్నది అప్పుడు తెలుస్తుంది.

రెండో స్థలంలో మాకు అలాగే తెలిసింది. మేం హద్దులు చూస్తుంటే గొర్రెలు తోలుకుపోతున్న ఒక పెద్దాయన ఆగాడు. "సామీ, ఈ మూల కంచె వేస్తారా? ఇది నీళ్ళ దావ. పెద్ద వాన పడితే నడుం లోతు పారుతుంది" అన్నాడు. కార్టోడెమ్‌తో నేను తీసిన వంకల మ్యాపులో ఆ వంక పొలం బయట అరవై మీటర్ల దూరంలో ఉంది. 30 మీటర్ల గడిలో రెండు గళ్ళ తప్పు పెద్ద తప్పేం కాదు. నేల మీద మాత్రం అది ఎకరం పైన.

నేల రకం, దుమ్ము

ఎర్ర నేల మంచిది. బండ తగిలితే పిల్లర్ గుంతలకు డ్రిల్లింగ్ ఖర్చు పెరుగుతుంది. నల్లరేగడి తడికి ఉబ్బి ఎండకు పగులుతుంది కాబట్టి పునాది లోతుగా వేయాలి, వానాకాలంలో బండి దిగబడుతుంది. ఇటుక బట్టీ, కంకర క్రషర్, సిమెంటు ఫ్యాక్టరీ ఉంటే గాలి ఎటు నుంచి ఎటు వీస్తుందో చూడండి. మా దగ్గర ఏడాదిలో ఎక్కువ నెలలు పడమటి గాలి. ఇటుక బట్టీ మా రెండో స్థలానికి తూర్పున ఉంది, కాబట్టి బతికిపోయాం. పడమర ఉండి ఉంటే ప్యానెళ్ళు కడగడానికి నీళ్ళ ట్యాంకర్లు తెప్పించుకోవాల్సి వచ్చేది.

పెద్ద పార్కులకైతే

వందల మెగావాట్ల స్థాయిలో ఎంపిక వేరే తీరుగా ఉంటుంది. అక్కడ మూడు దారులు మన కళ్ళముందే ఉన్నాయి.

కర్నూలు గని, శకునాల దగ్గర 1,000 మెగావాట్ల పార్కు ఒకే చోట దాదాపు 5,900 ఎకరాల్లో 2017లో పూర్తయింది. ఒకే ముక్కగా విశాలమైన నేల, పెద్ద సబ్‌స్టేషన్లు, మంచి ఎండ. ఇలాంటి చోటు దొరికితే కట్టడం తేలిక. దొరకడం కష్టం.

రెండోది పావగడ. కర్ణాటకలో ఉన్నా మూడు వైపులా మన రాష్ట్రమే, ఊళ్ళలో తెలుగు వినబడుతుంది. అక్కడ 13,000 ఎకరాలు రైతుల దగ్గర కొనలేదు, లీజుకు తీసుకున్నారు. ఎకరాకు ఏటా 21,000 రూపాయలతో మొదలై రెండేళ్ళకోసారి 5 శాతం పెరిగేలా ఒప్పందం. 2,050 మెగావాట్లు. వరుస కరువులు చూసిన రైతుకు ఇది నికరమైన ఆదాయం, భూమి పేరు మారదు. కానీ లీజు డబ్బు పట్టా ఉన్నవాడికే వస్తుంది. ఆ పొలాల్లో కూలికి పోయేవాళ్ళకు, మేపుకునేవాళ్ళకు పని పోయింది. ఈ దారి ఎంచుకునే చోట భూమి లేనివాళ్ళ వాటా ఏమిటో ముందే రాసుకోవాలని నా గట్టి అభిప్రాయం.

మూడోది నీటి మీద. రామగుండంలో ఎన్టీపీసీ జలాశయంలో 500 ఎకరాల్లో 100 మెగావాట్లు 2022లో మొదలైంది. అంతకు ముందు ఏడాది విశాఖ సింహాద్రి జలాశయంలో 25 మెగావాట్లు. భూమి అక్కర్లేదు, నీటి ఆవిరి తగ్గుతుంది, పక్కనే థర్మల్ ప్లాంటు ఉంది కాబట్టి కరెంటు పంపే లైన్లు సిద్ధంగా ఉన్నాయి. ఇది చూసి "మా ఊరి చెరువులో పెడదామా" అని అడిగేవాళ్ళున్నారు. వద్దంటాను. ఏడాది పొడుగునా నీళ్ళుండే జలాశయంలో పనికొచ్చేది వేసవిలో నెర్రెలిచ్చే చెరువులో పనికిరాదు. పైగా చెరువు చేపలు పట్టుకునేవాళ్ళది, ఆయకట్టు రైతులది.

పెద్ద పార్కుకు జిల్లా స్థాయిలో మ్యాపు చేసేవాళ్ళు ఎండకు బరువు 20 దాకా పెంచొచ్చు. అక్కడ దూరం చూడాల్సింది 33 కేవీ సబ్‌స్టేషన్‌కు కాదు, 220, 400 కేవీ సబ్‌స్టేషన్లకు.

ఇంతకీ మా ఎంపిక

మునక నేల కోతలోనే పోయింది. గుట్ట కింది దాంట్లో అయిదు డిగ్రీలు దాటిన నేల కూడా కోతలో పోయింది, మిగిలింది లైను, నీడ, అసైన్డ్ ఈ మూడింటితో వెనకబడింది. ఇంకే స్థలమూ లేకపోతే, లైనులో పోయే కరెంటు తగ్గించుకోవడానికి 2 మెగావాట్లకు బదులు ఒక మెగావాటుతో, చదునుగా ఉన్న కింది నాలుగెకరాల్లో దాన్నే వాడుకోమని చెప్పేవాణ్ణి.

రోడ్డు పక్క బీడు ఖాయం చేశాం. తొమ్మిదిన్నర ఎకరాల్లో వంక వైపు ఎకరా ముప్పై సెంట్లు వదిలేశాం. మిగిలింది ఎనిమిది ఎకరాల ఇరవై సెంట్లు, 2 మెగావాట్లకు సరిపోతుంది. కంచె గీత మార్చి వంక గట్టు వెంట గొర్రెలు పోయేంత దారి ఉంచమన్నాను. మామ ఇంకో మాట కలిపాడు. కడిగిన నీళ్ళు పారే చోట చిన్న తొట్టి కట్టించాలని, మేతకొచ్చే గొర్రెలు అక్కడ తాగుతాయని. సర్వేయర్ రాళ్ళు పాతిన రోజు ఆ పెద్దాయన కూడా వచ్చి, నీళ్ళ దావ ఎక్కడిదాకా వస్తుందో తన కర్రతో గీత గీసి చూపించాడు. ఆ గీతను జీపీఎస్‌తో నడిచి నా మ్యాపులో చేర్చుకున్నాను.